ఎర్ర వాల్వు బంద్

తెరచాప పడవ దిగి నవత చిక్కడపల్లికి వచ్చి పక్షం దాటింది కానీ, ఇల్లు మాత్రం ఇంకా ఊగుతూనే ఉందట. పొయ్యి దగ్గర కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి చాయ్ కాచేది. టీవీ రిమోట్‌ను తాడుతో టీపాయికి కట్టేసింది. ఒక్క చెంబు నీళ్లతో స్నానం ముగించి, బకెట్ నిండా పట్టుకునే మొగుణ్ణి దేశద్రోహిని చూసినట్టు చూసేది. సముద్రంలో హారన్ మోగిందంటే ఏదో ఓడ మీదికొస్తున్నట్టు. ఆ లెక్కన నారాయణగూడ ఫ్లైఓవర్ మీద, స్కూటర్ వెనక కూర్చుని, ఆమె మునగని రోజు లేదు.

మొగుడు రాఘవేందర్‌కు అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం. ఊరందరికీ సర్కారు కొలువు మీద ఆశ పుట్టించే ఈ మనిషి, పెళ్లాం తన కాలేజీ ఉద్యోగానికి సెలవు పెట్టి ముగ్గురు స్నేహితురాళ్లతో కొచ్చిలో పడవెక్కుతానంటే వద్దనలేకపోయాడు. ఆమె లక్షద్వీప్, మాల్దీవులు, శ్రీలంక తిరిగిన ఆ నెలలన్నీ ధైర్యంగానే ఉన్నాడు. వచ్చాకే భయం పట్టుకుంది. ఆమె నీలం సంచి ఇంకా తలుపు పక్కనే ఉంది మరి. బట్టలు అందులోంచే తీస్తుంది, ఉతికి ఆరేసి మళ్లీ అందులోనే పెడుతుంది. మళ్లీ పోతుందా? ఆ మాట అడిగే దమ్ము అతనికి లేదు. అవునంటే ఏం చేయాలి? అందుకని ఉప్పు సరిపోయిందా, ఎండ ఎట్లుంది అని అడిగి సరిపెట్టుకునేవాడు.

ఆదివారం పొద్దున నవత కూరగాయలకని నారాయణగూడ మార్కెట్‌కు వెళ్లింది. కాసేపటికి తలుపు దబదబా మోగింది. తీస్తే కింది అంతస్తు కిషన్ రావు, అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు. నడుముకు తువ్వాలు, తలనిండా నురగ. ఒక కన్ను మూసుకుని రెండోదానితో ఉరిమి చూస్తున్నాడు.

"ఏందయ్యా రాఘవేందర్, మీ మేడమ్ మా మీద పగబట్టిందా? పైన ట్యాంకు కాడ ఎర్ర వాల్వు బంద్ చేసి పోయిందంట. వాచ్‌మన్ భార్య మాసమ్మ చూసింది. బిల్డింగ్ మొత్తంల సుక్క నీళ్లు లేవు!"

"నేనే బంద్ చేసిన సార్. లీకేజీ ఏమన్న ఉందేమోనని చూస్తున్న," అన్నాడు రాఘవేందర్, చేతిలో ఇంకా ఆవిరి కక్కుతున్న చాయ్ కప్పుతో.

"చూసినవ్ తియ్! జల్ది పోయి తిప్పు, కండ్లు మండుతున్నయ్."

రాఘవేందర్ పరుగున పైకెక్కి వాల్వు తిప్పాడు. పైపులు గుర్రుమన్నాయి. అన్ని అంతస్తుల్లోంచీ వస్తున్న తిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

నవత కూరగాయలతో వచ్చి సంగతి విని నాలుక కరుచుకుంది.

"అయ్యో, అలవాటైపోయింది. పడవ దిగి పోయేటప్పుడు అడుగున ఉన్న వాల్వులన్ని బంద్ చెయ్యాలె. లేకుంటే ఏ పైపన్న ఊడితే నీళ్లు లోపలికొచ్చి మునుగుతది. మన ఫ్లాట్ వాల్వు తుప్పుపట్టి తిరుగుతలేదు. పైన ఎర్రది కూడ మనదే అనుకున్న."

రాఘవేందర్ ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పటికీ అడగలేడు.

"పోయేటప్పుడంటే... మొత్తానికే పోయేటప్పుడా?"

నిండా పట్టిన బకెట్‌తో చూసినప్పటిలాగే నవత అతన్ని ఓ చూపు చూసింది.

"మొత్తానికే పోయేటోళ్లకు అది మునిగితేంది, తేలితేంది? మళ్ల వచ్చేటోళ్లే బంద్ చేసి పోతరు."

"మరి తలుపు పక్కన ఆ నీలం సంచి?"

"ఏడ సర్దాలె? నా బీరువ నిండ నీ కరెంట్ అఫైర్స్ పుస్తకాలే. అవి కూడ పోయినేడాదివి!"

ఆ మధ్యాహ్నమే పోయినేడాది ప్రపంచ పరిణామాలన్నీ పాత కాగితాల బండెక్కాయి. ప్లంబర్ వచ్చి ఫ్లాట్ వాల్వు కొత్తది బిగించాడు.

"లీకేజీ లేదు, ఏం లేదు. గింత అర్జెంట్ ఏందన్నా?" అన్నాడు ప్లంబర్.

"మా ఆమె బయటికి పోవాలె," అన్నాడు రాఘవేందర్. ప్లంబర్ కొత్త వాల్వును ఇంకోసారి చూసి సామాను సర్దుకున్నాడు.

మర్నాడు రాఘవేందర్ స్నానానికి కూర్చున్నాడు. పెళ్లాం చూపులకు జంకి బకెట్ జోలికి పోకుండా ఒక్క చెంబే పెట్టుకున్నాడు. అది తల తడపడానికే సరిపోయింది. షాంపూ బాగా రుద్దుకుని, కళ్లు మూసుకుని నల్లా తిప్పాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

బయట తలుపు పడ్డ చప్పుడయింది. మెట్ల మీద నవత చెప్పులు టపటపమంటూ దిగుతున్నాయి. నురగ కనురెప్పల్లోంచి లోపలికి కారుతోంది, కళ్లు భగభగమంటున్నాయి. ఒక్క కేక వేస్తే వినబడేంత దూరంలోనే ఉందామె.

రాఘవేందర్ కేక వెయ్యలేదు. తడుముకుంటూ ప్లాస్టిక్ స్టూలు మీద సర్దుకుని, పెళ్లాం మళ్లీ వచ్చేదాకా హాయిగా కూర్చున్నాడు.