అక్క ఒక్కతే జరపాలె

మా బావ లింగమూర్తికి చెక్క కనిపిస్తే లోకం పట్టదు. మొదటి లాక్‌డౌన్‌లో ఆయన పనిచేసే కార్ఖానా మూతపడితే అక్కడి పాత రందా మిషన్‌ను కొని మేం బతకవచ్చిన నవాగామ్‌లోని ఇంటికి తెచ్చుకున్నాడు. చెక్కను నున్నగా చేసే ఆ ఇనప మిషన్‌ను నలుగురం మోసి ముందుగదిలో దించాం. నా నడుం ఆ రోజే పోయింది. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. కిటికీ ఉన్న గదిని అది మింగేసింది. మా అక్క ఊర్మిళ ఒక్క మాట అనకుండా వెనక వంటగదిలో పడుకోవడం మొదలుపెట్టింది. అనాల్సినవన్నీ ఆమె బదులు నేనే అన్నాను.

మరుసటేడు ఎండాకాలం జబ్బు మళ్లీ విరుచుకుపడింది. జ్వరం వచ్చినవాళ్లను గాలి తగిలే గదిలో విడిగా పడుకోబెట్టమని అందరూ చెబుతున్నారు. అప్పుడు బావ మిషన్‌కు చక్రాలు పెట్టే పనిలో పడ్డాడు.

నేను పాండేసరలో తుక్కు కొట్టు వెతికి పాత ట్రాలీ చక్రాలు తెచ్చిచ్చాను. బావ బిగించి స్విచ్ వేశాడు. మిషన్ అదురుతూ తనంతట తానే నడిచొచ్చి నన్ను గోడకు నొక్కబోయింది.

"పెండ్లికొడుకు లెక్క ఊరేగుతున్నది బావా," అన్నాను, ప్రాణం కుదుటపడ్డాక.

ఆయన నవ్వలేదు. అన్నీ ఊడదీసి మళ్లీ కట్టాడు. ఈసారి కింద ఒక కడ్డీ పెట్టాడు. దాన్ని తొక్కి కొక్కేనికి తగిలిస్తే చక్రాలు దిగి మిషన్‌ను లేపుతాయి. కొక్కెం తీస్తే మిషన్ మళ్లీ తన కాళ్ల మీద కూర్చుంటుంది. ఇద్దరం నూకితే ఝామ్మని జరిగింది. పని అయిపోయిందనుకున్నాను.

బావ అక్కను పిలిచి కడ్డీ తొక్కమన్నాడు. ఆమె బరువంతా వేసినా అది దిగలేదు. కడ్డీ తీసేసి ఇంకా పొడుగుది పెట్టాడు. అదీ చాలలేదు. మళ్లీ విప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది బావా, గింత తిప్పలెందుకు? మనిద్దరం నూకితే జరుగుతలేదా?"

"రేపు జెరం నాకొస్తే? నిన్ను లోపలికి రానియ్యరు. అప్పుడు మీ అక్క ఒక్కతే జరపాలె."

నేను పానా అందుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఆయనకు ఇనుము మీదే ప్రేమ అనుకున్నందుకు సిగ్గేసింది.

అన్నట్టే జ్వరం ఆయనకే వచ్చింది. పరుగెత్తి వెళ్తే అక్క గడప దగ్గరే ఆపేసింది. "నువ్వు రాకు తమ్మీ." కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. అక్క కడ్డీ తొక్కి, కొక్కెం తగిలించి, రెండు చేతులతో నూకింది. నలుగురం మోసిన మిషన్ చప్పుడు లేకుండా గోడవారకు వెళ్లింది. ఆ ఖాళీలో కిటికీ కింద ఆమె పక్క పరిచింది.

"కొక్కెం తియ్యి, మరువకు," అన్నాడు బావ దగ్గుతూ.

కోలుకున్నాక, పని మొదలుపెట్టే రోజు నేను చొక్కా చేతులు మడుచుకుని వెళ్లాను. "నువ్వు కూసో," అన్నాడు బావ. "ఊర్మిళా, జర మిషన్ జరుపు."

అక్క కొంగు దోపుకుని గది మధ్యకు తెచ్చి నిలిపింది. కొక్కెం తీసి బావ వైపు తిరిగింది.

"పొద్దుమీకి పని అయినంక మళ్ల పక్కకు నూకుత. ఇగ నేను గూడ కిటికీ కాడనే పండుకుంట."