చేప లేని చేప వాసన

ఆ ఉదయం ఆకాశం ఇస్త్రీకి లొంగని ముతక బట్టలా ముడతలు పడి వేలాడుతోంది. ఎండ కాస్తుందో, వాన పడుతుందో దానికే తెలిసినట్టు లేదు. కోడలు కిటికీ అద్దం మీది చెమ్మ తుడిచి బయటికి చూసి, మళ్ళీ మంచం వైపు తిరిగింది. మంచం మీద పదిహేడు రోజుల పాప. నెల ముందే తొందరపడి వచ్చేసిన పిల్ల. నాయనమ్మ దాన్ని పిడికెడు అని పిలుస్తుంది.

"గది వెచ్చగా ఉంచండి. పాదాలు చల్లబడితే మళ్ళీ అద్దాల పెట్టెలో పెట్టాల్సి వస్తుంది" అని చెప్పి పంపింది ఆస్పత్రి నర్సు. ఆ పెట్టెకు ఇవతల నిలబడి పదకొండు రోజులు బిడ్డను చూపులతోనే ఎత్తుకుంది కోడలు. మళ్ళీ ఆ పెట్టె దగ్గరికి పోకూడదనుకుంది. అందుకే ఆమె కళ్ళు ఎప్పుడూ రెండింటి మీదే ఉంటాయి. ఒకటి పాప పాదాలు, రెండోది గది మూల ఎర్రగా వెలిగే రెండు కడ్డీల కరెంటు హీటరు.

అత్తగారు మాత్రం హీటరును చూడదు. గోడను చూస్తుంది.

ముప్పై ఏళ్ళు ఇస్త్రీ దుకాణంలో నిలబడి పని చేసిన మనిషి ఆవిడ. హీటరు ఇంటికొచ్చిన రోజున దాన్ని బోనులో సాక్షిలా నిలబెట్టింది. ఎక్కడైనా తొడుగు చిట్లిందేమోనని తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. వెలుగుతుండగా చీపురు కర్రతో పక్కకి ఒరిగించి, దానంతటది ఆరిపోయాక "బుద్ధి ఉన్నదే" అంది. బస్సుల షెడ్డులో మెకానిక్కుగా పనిచేసే కొడుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకొస్తే చేతిమీద ఒక్కటి వేసింది.

"ఏనుగు మొయ్యాల్సిన బరువు మేకపిల్ల మీద పెడతావట్రా? గోడకున్న పెద్ద సాకెట్టుకే పెట్టు."

మంచానికీ హీటరుకూ మధ్య బారెడు దూరం. తెర ముడేసి పైకి కట్టాలి. పాప గుడ్డలు దాని మీద ఆరెయ్యకూడదు. వారానికోసారి చల్లారాక, ప్లగ్గు పీకి, పొడి కుంచెతో జాలీలో దుమ్ము దులపాలి. ఇంట్లోవాళ్ళు నిద్రపోతే అదీ నిద్రపోవాలి. వీటన్నిటికీ మించి ఇంకోటి ఉంది. పావుగంటకోసారి ప్లగ్గు పట్టి చూడాలి.

"అరచెయ్యి పనికిరాదమ్మాయ్, అంట్లు తోమి తోమి మొద్దుబారి ఉంటుంది. చెయ్యి తిప్పి, వెనకవైపు ఆనించు. అది అబద్ధం చెప్పదు."

కోడలికి మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించింది. చూడగా చూడగా ముచ్చటేసింది. నీళ్ళ బకెట్టుతో పోతూ పోతూ, నడక ఆపకుండా, బడికెళ్ళే పిల్ల తల నిమిరినట్టు గోడ మీది ప్లగ్గును తాకి వెళ్ళిపోయేది ఆవిడ. ఒక్కసారి కూడా మరిచిపోవడం కోడలు చూడలేదు.

మూడు రోజుల కిందట అత్తగారికి జలుబు పట్టింది. మొదటి తుమ్ము రాగానే దుప్పటి చంకన పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది. "పిడికెడుకి నా తుమ్ము ఒక్కటి చాలు" అని మూతికి గుడ్డ కట్టుకుంది. ఆ తర్వాత గడప దాటలేదు. అక్కడి నుంచే కేకేసేది.

"ప్లగ్గు చూశావా అమ్మాయ్?"

"చూశానత్తయ్యా."

మొదటిరోజు నిజంగానే చూసింది. రెండోరోజు పాప పాలు తాగుతూ కునికింది, లేస్తే మేలుకుంటుందని కదలకుండానే "చూశానత్తయ్యా" అంది. మూడోరోజుకి ఆ మాట నోటికి అలవాటైపోయింది. అబద్ధానికి కాళ్ళు లేవంటారు గానీ, ఈ అబద్ధం మంచం దిగకుండానే గడప దాటి వెళ్ళొచ్చేది.

ఇదిగో, నిన్నటి నుంచి గదిలో చేప వాసన. ఈ ఇంట్లో చేప వండి నెల దాటింది. మేడ మీది పిన్నిగారి పిల్లి తెచ్చి ఎక్కడో దాచిందని కోడలి అనుమానం. పొద్దున్నే భర్త టార్చిలైటు పట్టుకుని మంచం కింద దూరాడు.

"ఏదీ, ఎక్కడుంది నీ చేప?"

"నా చేపేంటండీ, పిల్లి చేప. ఆ మూల చూడండి. హీటరు వేసినప్పుడల్లా ఎక్కువవుతోంది."

"పాపం, దానికీ చలేస్తోందేమో." లేవబోయి మంచంపట్టెకి తల కొట్టుకున్నాడు. "అబ్బా!"

"చేప దొరక్క ముందే గాలం తగులుకుంది" అని నవ్వింది కోడలు.

ముందు గదిలో గ్లాసు ఠక్కున కింద పెట్టిన చప్పుడైంది.

"ఏం వాసనన్నావ్ అమ్మాయ్?"

"చేప వాసనత్తయ్యా. జలుబు కదా, మీకు తెలియట్లేదు గానీ..."

మాట పూర్తికాలేదు. వీధి తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చు దించిన చప్పుడు వినబడింది. ఇల్లంతా ఒక్కసారి మూగబోయింది. హీటరు కడ్డీల ఎరుపు మెల్లగా నల్లబడింది.

"పాపను తీసుకుని వంటగదిలోకి పో. ఒరేయ్, నువ్వు ప్లగ్గు పీకు. తీగ పట్టి లాగకు, తల పట్టి లాగు."

ప్లగ్గు బయటికొచ్చింది. ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ. సాకెట్టు రంధ్రం అంచు మైనంలా కరిగి జారింది.

"దుకాణంలో ఓసారి ఇదే వాసన" అంది అత్తగారు గడప అవతల నుంచి. "ఎవరి క్యారేజీలో చేప తెచ్చారని గంటసేపు పోట్లాడుకున్నాం. తగువు తేలకముందే గోడ అంటుకుంది. అరమారులో మడిచిపెట్టిన బట్టలు బూడిదైపోయాయి. ఈ ప్లగ్గుల ప్లాస్టిక్కులో కొన్ని రకాలు మాడేముందు చేపలా కంపుకొడతాయి. నా ముక్కు పాడైంది గానీ, లేకపోతే ముందే పట్టేదాన్ని."

ఆ మచ్చ ఒక్కపూటలో పడేది కాదని అత్తగారికి తెలుసు. అయినా ఏమీ అడగలేదు. అడగకపోయేసరికే ఎక్కువ గుచ్చుకుంది.

"నేను చూళ్ళేదత్తయ్యా. రెండ్రోజులుగా ఊరికే చూశానన్నాను."



"మొదటి ఏడాది మా దుకాణం మేస్త్రికి నేనూ అలాగే చెప్పేదాన్ని" అంది అత్తగారు. "చేప అని కూడా నీ నోరే చెప్పిందిగా. సరే, పాదాలు చూడు ముందు."

పాదాలు అప్పటికే చల్లబడుతున్నాయి. హీటరు లేదు. అత్తగారు ఎత్తుకోవడానికి లేదు. నర్సు నేర్పినట్టు పాపకు టోపీ మాత్రం ఉంచి, బట్టలు విప్పి, కోడలు గుండెకు ఆనించుకుని పైన దుప్పటి కప్పుకుంది. ఆమె అలసిపోతే భర్త చొక్కా విప్పి, పాపను గుండె మీద వేసుకుని పడుకున్నాడు. బస్సు ఇంజన్ల కింద పాటలు పాడుకుంటూ దొర్లే మనిషి, ఇప్పుడు ఊపిరి కూడా లెక్కపెట్టి వదులుతున్నాడు.

పదింటికి వైర్ల మావయ్య సంచీ వేసుకుని వచ్చాడు. ఆ వీధిలో కరెంటు పనులన్నీ ఆయనవే. సాకెట్టు విప్పి, లోపల వదులైన మరను, నల్లగా మాడిన తీగ కొసను చూపించాడు.

"ఇంకొక్క పూట ఆగుంటే..."

"ఆగలేదుగా. పని చూడు" అంది అత్తగారు.

"ఇంతకీ కనిపెట్టిందెవరు?"

"ముక్కు మా కోడలిది."

"చెవి మా అత్తయ్యది" అంది కోడలు.

"బొప్పి నాది" అన్నాడు దుప్పటి కింద నుంచి కొడుకు, పాప కదలకుండా.

మావయ్య తీగను మంచి చోటు దాకా కత్తిరించి కొత్త సాకెట్టు బిగించాడు. ప్లగ్గు గీకి ఇస్తే చాలన్నాడు. అత్తగారు ఒప్పుకోలేదు.

"మాడిన ప్లగ్గు కొత్త సాకెట్టును కూడా మాడుస్తుంది. రెండూ మార్చు."

మార్చాక, పాపను వెంటనే గదిలోకి రానివ్వలేదు. ఖాళీ గదిలో గంటసేపు హీటరు వెలగాలంది. పావుగంటకోసారి కోడలు వెళ్ళి చెయ్యి తిప్పి ప్లగ్గుకు ఆనించింది. నాలుగోసారి ఆనించి, తియ్యకుండా, పదిదాకా మనసులో లెక్కపెట్టింది. ఇన్నాళ్ళూ అత్తగారి చెయ్యి పోతూ పోతూ ఎంత వినేదో అప్పుడు తెలిసింది. రోజంతా అన్ని పనుల మధ్యా ఆ చేతికి ఒక్కసారీ విసుగు రాలేదు. అదే ఆవిడ గొప్ప.

"వేడి లేదత్తయ్యా. గోడకీ లేదు, ప్లగ్గుకీ లేదు."

అత్తగారు తల ఊపింది. లోపలికి తొంగి చూడలేదు, రెండోసారి అడగలేదు.

మధ్యాహ్నం పాప మంచం మీద నిద్రపోయింది. పాదాలు అప్పుడే గూట్లోంచి తీసిన పిట్టపిల్లల్లా వెచ్చగా ఉన్నాయి. గడపకు అవతల అత్తగారు, ఇవతల కోడలు, గోడకు ఆనుకుని కొడుకు కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పాప లేస్తుందని ఎవరూ మాట్లాడలేదు. గరిటె కూడా గిన్నెకు తగలకుండా వడ్డించుకున్నారు.

సగం అన్నంలో కోడలు లేచింది. ఎడమచెయ్యి తిప్పి ప్లగ్గుకు ఆనించి, వచ్చి కూర్చుంది. అత్తగారు తల ఎత్తకుండానే కూర గిన్నెను గడప మీదుగా ఆమె వైపు జరిపింది. ముగ్గురూ మళ్ళీ తినసాగారు.