చదివి వినిపించాకే సంతకం

ఆ రోజు మూడు మీటింగులు ఉంటాయని సదానందం సార్ ముందు రోజు సాయంత్రమే చెప్పారు. ఆయన మా యూనివర్సిటీ లైబ్రేరియన్. నేను అక్కడ ఇంటర్న్‌గా చేరి నెల దాటింది.

"మినిట్స్ రాసే పర్శరాములు కొండగట్టుకు పోతుండు. మొక్కు ఉన్నదట. రేపు నువ్వు రాయాలె బిడ్డా. వస్తదా?"

"వస్తది సార్," అన్నాను.

ఊరికే అన్న మాట కాదది. మెట్‌పల్లి పక్కన మా ఊళ్లో, మా అవ్వ ఉన్న మహిళా సంఘానికి తీర్మానాల పుస్తకం రాసింది నేనే. ఏడో తరగతిలో మొదలుపెట్టాను. అప్పట్లో ఆ సంఘంలో చదువు వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. పసుపు చేన్ల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మా అరుగు మీద కూర్చునేవాళ్లు. ముందు పోయినసారి రాసింది చదవాలి. ఆ తర్వాతే ఈసారి మాటలు. ఎవరేమన్నారో వాళ్ల పేరు మీదనే రాయాలి. చివరికి మొత్తం మళ్లీ చదివి వినిపించాలి, అప్పుడే వేలిముద్రలు. మధ్యలో ఎవరైనా లేవబోతే సంఘం పెద్ద శంకరవ్వ కొంగు పట్టి కూర్చోబెట్టేది. "ఏడికి పోతున్నవే? నీ పేరు మీద ఏం రాసిందో ఇనవా?" అనేది.

మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనొక్కదాన్నే. యూనివర్సిటీలో మీటింగు ఎట్లా జరుగుతుందో, మినిట్స్ ఎట్లా రాస్తారో చెప్పేవాళ్లు లేరు. మీటింగంటే ఎక్కడైనా మీటింగే కదా అనుకున్నాను.

మొదటిది పొద్దున సార్ గదిలో, లైబ్రరీ స్టాఫ్‌తో. కొత్త కంప్యూటర్లు వచ్చి అట్టపెట్టెల్లోనే వరండాలో పడి ఉన్నాయి. నెలాఖరులోగా వాటిని ఒక గదిలో అమర్చి చూపించకపోతే గ్రాంటు వాపసు పోతుంది. ఏ గదిలో పెట్టాలన్నది ప్రశ్న. కింద ఉన్న పెద్ద రీడింగ్ హాలులో పెడదామని అందరూ అన్నారు.

ఆ హాలులో కూర్చునేవాళ్లు లైబ్రరీ పుస్తకాలు ముట్టరు. ఉద్యోగ పరీక్షల పుస్తకాలు సొంతంగా కొనుక్కుని, బట్టల షాపు సంచుల్లో పెట్టుకుని, టిఫిన్ డబ్బాతో సహా వచ్చి సాయంత్రం దాకా కదలకుండా చదువుకుంటారు. ఎక్కువమంది మా దగ్గరే చదివి పోయినవాళ్లు.

"పైన పాత పేపర్ల రూములో గూడ పెట్టొచ్చు సార్. వైరింగ్ అయితది," అన్నాడు అంబదాస్. ఆయన ఆదిలాబాద్ మనిషి, కంప్యూటర్ల పని చూస్తాడు. "కానీ అరె బాబా, మనకు లిఫ్ట్ లేదు. గన్ని డబ్బాలు మెట్లెక్కించుడు ఎవరితోని అయితది? కింద హాలైతే బస్, గిట్ల నూకితే గట్ల లోపట పడ్తయి."

అందరూ నవ్వారు. కింద హాలే అని మధ్యాహ్నం లైబ్రరీ కమిటీకి చెబుదామని సార్ ముగించారు. కుర్చీలు వెనక్కి జరిగాయి. నేను లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాను.

తలుపు దాకా పోయినవాళ్లు ఆగిపోయారు. నేను వరుసగా చదువుకుంటూ పోయాను. "అంబదాస్ గారు, చాయ్ చల్లగైంది, గీ చాయ్ తాగుడు కన్నా మందు తాగుడు నయం అన్నారు," అని చదివేసరికి గది మొత్తం గొల్లుమంది.

"ఏందమ్మా, గది గూడ రాసినవా?" అన్నాడు అంబదాస్. "నా భార్య చూస్తే నా పని ఖతమ్. ఏ మందో అడుగుతది."

తప్పు చేశానని అర్థమైంది కానీ ఎక్కడ చేశానో తెలియలేదు. సదానందం సార్ మాత్రం నవ్వలేదు.

"చాయ్ ముచ్చట తీసెయ్యి. మిగతాది మంచిగున్నది. మొత్తం చదువు," అన్నారు.

నిలబడ్డవాళ్లు మళ్లీ కూర్చున్నారు. నేను చివరిదాకా చదివాను, అందరూ సంతకాలు చేశారు. అప్పుడు ఆయన నన్ను ఆపకపోవడం ఎంత పెద్ద సాయమో ఆ నిమిషంలో నాకు తెలియదు. ఆపి ఉంటే నేను ఆ రోజు మళ్లీ నోరు తెరిచేదాన్ని కాదు.

అందరూ పోయాక సార్ నన్ను పిలిచారు.

"కిందికి పోయి ఆ పిల్లలకు సంగతి చెప్పు రమా. రేపు తలుపుకు కాయితం అంటిస్తే, అది చూసి పరేషాన్ అయితరు. ముందే తెలుసుడు మంచిది. వాళ్లేమంటరో గది గూడ రాయి. అదే నీ రెండో మీటింగు."

నేను కిందికి వెళ్లాను. హాలులో ఫ్యాన్ల చప్పుడు, పేజీలు తిప్పే చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరినీ ఒక బల్ల దగ్గరికి రమ్మని సంగతి చెప్పాను.

"అంటే మేం రావద్దనా?" అని అడిగింది వనజ.

వనజక్క సిరిసిల్ల నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఇక్కడే పీజీ చేసింది. టీచర్ పరీక్షకు చదువుతోంది, వయసు పరిమితి లెక్కన ఇదే ఆఖరుసారి. ఆ పరీక్ష రెండు నెలల్లో ఉంది.

"ఇంకా అనలేదక్కా. మధ్యాహ్నం కమిటీ మీటింగుల ఖాయం చేస్తరు."

"నువ్వుంటవా ఆ మీటింగుల?"

"ఉంట. రాస్త."

"రాస్తవా, మాట్లాడ్తవా?"

"ఇంటర్న్‌నక్కా. రాస్త అంతే."

"మంచిగ రాయి మరి," అన్నాడు హనుమండ్లు. దుబాయ్‌లో నాలుగేళ్లు చేసి తిరిగొచ్చి, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. "మమ్ముల ఎల్లగొట్టిన తారీఖు తప్పు పడకుండ రాయి."

"ఊకోరాదే," అని అతన్ని కసిరి, వనజక్క నా వైపు తిరిగింది. "ఇంట్ల మరమగ్గాలు ఉన్నయి చెల్లె. మా ఇంట్ల నాలుగు, పక్కింట్ల ఆరు. మా ఆయన, మా మామ పగలంత నడిపిస్తరు. గా చప్పుడుల మనిషి పిలిస్తేనే ఇనవడది. కరెంటు పోయినప్పుడే నాకు చదువు. కరెంటు పోవాలెనని మొక్కుకుంట నేను, వాళ్లకేమో కరెంటు పోతే తిండి లేదు. ఎవరి దిక్కు మొక్కాలె చెప్పు? గందుకే ఇక్కడికొస్త. నాకు కంప్యూటర్లతోని కొట్లాట లేదు. ఓ బల్ల, ఓ మూల ఇయ్యిండ్రి, సాలు."

అదంతా ఆమె పేరు మీద రాశాను. హనుమండ్లు మాట కూడా రాశాను. అలవాటు ప్రకారం వాళ్లకు చదివి వినిపించాను. తన మాటలు వింటున్నప్పుడు వనజక్క తల దించుకుంది.

"కరెంటు ముచ్చట తియ్యాల్నా అక్కా?"

తల ఎత్తింది. "ఉండనియ్యి. అబద్ధమైతే గద తీసుడు."

సంతకం చేసి తన చోటుకు పోయింది. పుస్తకం తెరిచింది కానీ పేజీ తిప్పలేదు. నేను తలుపు దగ్గర కాసేపు నిలబడి చూశాను.

మధ్యాహ్నం కమిటీ. అధ్యక్షులు ప్రొఫెసర్ కొమురెల్లి సార్. ఆయనతో పాటు కామర్స్ మేడం, ఫైనాన్స్ ఆఫీసర్, సదానందం సార్. నన్ను మూలన ఉన్న కుర్చీలో కూర్చోమన్నారు.

కొమురెల్లి సార్ చెడ్డమనిషి కాదు. చాలాకాలంగా తిరిగి ఆ గ్రాంటు తెచ్చింది ఆయనే. పల్లెల నుంచి వచ్చే పిల్లలు కంప్యూటర్ కోసం బయట నెట్ సెంటర్లలో గంటకింత కట్టి కూర్చుంటున్నారని ఆయన బాధ.

"సొంత పుస్తకాలు తెచ్చుకునేటోళ్లు మన పాఠకులు ఎట్లయితరు?" అన్నారు. "వాళ్లకు కావాల్సింది బల్ల, ఫ్యాను. గవి ఏడనన్న దొరుకుతయి. మన పిల్లలకు కంప్యూటర్లు ఏడ దొరుకుతయి? వేరే గది లేదంటుండ్రు. గట్లయితే కింద హాలే."

మేడం తల ఊపారు. ఫైనాన్స్ ఆఫీసర్ గడియారం చూసుకున్నారు. సదానందం సార్ ఏదో అనబోయి గ్లాసులో నీళ్లు తాగారు. వచ్చే సోమవారం నుంచి హాలు కంప్యూటర్లకు అని తీర్మానం అయిపోయింది.

"తే అమ్మా, సంతకాలు చేస్తం," అన్నారు కొమురెల్లి సార్.

పుస్తకం ఇచ్చేస్తే నా పని అయిపోయేది. కింద పేజీ తిప్పకుండా కూర్చున్న వనజక్క మొహమే గుర్తొచ్చింది నాకు. ఆ గదిలో మాట్లాడే మనిషిని కాదు నేను. కానీ చదవడం నా పనే.

"చదివి వినిపిస్త సార్. వినిపించినంకనే సంతకం," అన్నాను.

"అవసరం లేదమ్మా. మేమే గద మాట్లాడింది."

"రెండు నిమిషాలు సార్," అన్నారు సదానందం సార్. "పొద్దున గిట్లనే చదివింది. ఇనండ్రి జర."

అవ్వ ముందర చదివినట్టే చదివాను. ముందు పోయిన మీటింగులు, ఆ తర్వాత ఇది. పొద్దున్నది అయిపోయి కింది హాలుది మొదలుపెట్టగానే ఫైనాన్స్ ఆఫీసర్ ఆపారు.

"గిదెప్పుడు జరిగింది?"

"ఇయ్యాలనే సార్. కింద, చదువుకునేటోళ్లతోని."

"కానియ్యి," అన్నారు కొమురెల్లి సార్.

వనజక్క చెప్పింది చెప్పినట్టు చదివాను. కరెంటు మాట దగ్గర మేడం చేతిలో పెన్ను ఆగింది. అది కాగానే మూడో మీటింగు. "కొమురెల్లి గారు: సొంత పుస్తకాలు తెచ్చుకునేటోళ్లు మన పాఠకులు ఎట్లయితరు..." రెండు మాటలూ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. నేను అట్లా కావాలని పేర్చలేదు. జరిగిన వరుస అది.

చదవడం అయిపోయింది.

"గట్లనే అన్ననా నేను?" అన్నారు కొమురెల్లి సార్.

"అన్నరు సార్."

"అన్నరు," అన్నారు మేడం. "నేను తల గూడ ఊపిన."

"కొట్టెయ్యమంటే కొట్టేస్తవా?" అని కొమురెల్లి సార్ నన్ను అడిగారు.

"మా అవ్వోళ్ల సంఘంల కొట్టెయ్యరు సార్. మాట మారితే కింద ఇంకోటి రాస్తరు."

ఆయన నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు. కోపం వస్తుందనుకున్నాను. "మొదటి మీటింగుది మళ్లొక్కసారి చదువు. గా పై రూము మాట," అన్నారు.

అంబదాస్ మాట చదివాను. పైన వైరింగ్ అవుతుందని, మెట్లెక్కించడమే కష్టమని.

"సదానందం, పై రూము ముచ్చట నాకెవ్వరు చెప్పలే."

"మోసుడు కష్టమని నేనే ఇడిచిపెట్టిన సార్. తప్పు నాదే."

"తప్పు సంగతి తర్వాత. మోసుడొక్కటే కష్టమైతే పై రూముల పెట్టొచ్చు గద. కిందికి పోయి డబ్బాలు చూద్దాం పాండ్రి."

అందరం కిందికి దిగాం. హాలులో ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. కొమురెల్లి సార్ అంబదాస్‌ను పిలిపించారు.

"వైరింగ్ ఎన్నొద్దులైతది?"

"వారంల ఖతమ్ సార్. డబ్బాలే..." అని అంబదాస్ తల గోక్కున్నాడు. "కూలోళ్లను పిలవాలె."

హనుమండ్లు అప్పటికే చొక్కా చేతులు మడిచాడు. "దుబాయ్‌ల నాలుగేండ్లు నేను చేసింది గదే పని సార్. ఏ డబ్బా ఏడికి?"

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పుస్తకాల మీద కళ్లద్దాలు, టిఫిన్ డబ్బాలు పెట్టేసి అందరూ వరండాలోకి వచ్చారు. "దానికి బాణం గుర్తున్నదిర, తలకిందులు పట్టకు," అని అంబదాస్ అరుస్తూ వెనుక పరిగెత్తాడు. వనజక్క, ఇంకో అమ్మాయి ఒక పెట్టెను చెరో వైపు పట్టుకున్నారు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని కీబోర్డులు మోశాను. కొమురెల్లి సార్ కూడా ఒక పెట్టె ఎత్తబోతే మేడం ఆపారు. "మీకు నడుం నొప్పి గద సార్." "అయితే వైర్లియ్యిండ్రి," అని ఆయన వైర్ల కట్ట భుజానికి వేసుకుని మెట్లెక్కారు.

పాత పేపర్ల కట్టలను గోడ వెంబడి జరిపి, పెట్టెలన్నీ వరుసగా పేర్చేసరికి అందరి చొక్కాలూ తడిసిపోయాయి. అక్కడే, ఆ పెట్టెల మధ్య నిలబడి, మొదటి తీర్మానం కింద ఇంకోటి రాశాను. కంప్యూటర్లు పై గదిలో. కింది హాలు ఎప్పటిలాగే. మా పీజీ పిల్లలకు చోటు చాలకపోతే మొదటి వరుస వాళ్లది, మిగతాది సొంత పుస్తకాల వాళ్లది. ఈ చివరి మాట కొమురెల్లి సార్ పెట్టారు. అది న్యాయంగానే ఉందని వనజక్క అంది. ఆయన పేరు మీద ఒకటి, ఆమె పేరు మీద ఒకటి రాసి, చదివాను. అందరూ నిలబడే విని, సంతకాలు చేశారు.

శంకరవ్వను తలుచుకున్నాను. అక్షరం రాని ఆ మనిషి నేర్పిన పద్ధతి ఇంత దూరం నన్ను మోసుకొచ్చింది. నా మాట నేను చెప్పలేకపోయినా, వేరేవాళ్ల మాట చెడకుండా తెచ్చే పని ఇచ్చింది. ఆ పని చేసుకోనిచ్చినందుకు సదానందం సార్‌కు ఏమని చెప్పాలో తెలియక, "మంచినీళ్లు తేనా సార్?" అని అడిగాను. "నువ్వు తాగు ముందుగాల," అన్నారాయన.

కిందికి వచ్చేసరికి హాలులో అందరూ ఎవరి చోట్లలో వాళ్లు కూర్చున్నారు. కొమురెల్లి సార్ వాకిట్లో నిలబడి, పై గదికి తాళం ఎవరి దగ్గర ఉండాలో, ఏ పిల్లలకు ఏ రోజు ఇవ్వాలో సదానందం సార్‌కు గట్టిగా చెబుతున్నారు. సంతోషంగా ఉంటే ఆయన గొంతు పెరుగుతుందట.

వనజక్క పుస్తకం నుంచి తల ఎత్తింది. నాకేమైనా చెబుతుందేమో అనుకున్నాను.

"సార్," అంది, "జర మెల్లగ. చదువుకుంటున్నం."

కొమురెల్లి సార్ మాట ఆపేశారు. "ఆ, ఆ," అని గొంతు తగ్గించి, సదానందం సార్ భుజం పట్టుకుని వరండాలోకి తీసుకుపోయారు. వనజక్క పేజీ తిప్పింది.