తీర్మానంలో మా సంతకం లేదు

పద్నాలుగు మందిని ఇటుకబట్టీ దగ్గర ట్రాక్టరు ఎక్కించడం మేం కళ్లారా చూశాం. బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు. రఫీక్ అనేవాడు ఆధార్ కార్డు చూపించాడు. కానిస్టేబులు దాన్ని జేబులో పెట్టుకుని "ఇది సాల్దు" అన్నాడు. మేం అడ్డుపడలేదు. ఇళ్లకెళ్లి అన్నాలు తిన్నాం. మొద్దుబారిపోయిన మనుషులం.

వాళ్లను పంచాయతీ ధాన్యం షెడ్డులో పెట్టి తాళం వేశారు. పరదేశీయులను ఏరి సరిహద్దు దాటించాలని పైనుంచి ఉత్తర్వు. ఉత్తర్వు ఇచ్చినవాళ్లు డబ్బు ఇవ్వలేదు. కంచె, కాపలా జీతం, లారీ కిరాయి అన్నీ పంచాయతీ నిధుల్లోంచే రావాలి. పంచాయతీ తీర్మానిస్తే లారీ కదులుతుంది, లేకపోతే కదలదు.

మా ఊళ్లో పంచాయతీ సమావేశం జరగదు. సెక్రటరీ గణపతిరావు మినిట్సు బుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. పదిమంది వార్డు మెంబర్లలో ఆరుగురు ఆడవాళ్లు. వాళ్ల సంతకాలు మొగుళ్లు పెడతారు. ఈసారీ వీధిదీపాలకేమో అనుకుని పెట్టేశారు.

మూడో వార్డు మెంబరు అసిరమ్మ షెడ్డుకి గంజి పట్టుకెళితే కాపలావాడు నవ్వాడు.

"గంజెందుకమ్మా, ఈళ్లని లారీ ఎక్కించమని నువ్వే కదా సంతకం ఎట్టినావు."

ఆమె ఇంటికొచ్చి మొగుణ్ని నిలదీసింది. "ఏటి సంతకం ఎట్టినావు?"

"నాకేటి తెల్సు. ఎప్పుడూ ఎడతన్నాను కదా" అన్నాడు ధర్మేంద్ర.

"నీ తమ్ముడు గుజరాత్‌లో సేపల పడవ మీద పనిలో ఉన్నాడు. రేపు ఆడ్నీ ఇలాగే షెడ్డులో ఎడితే?"

ధర్మేంద్ర అన్నాడు, "నీ సంతకం నానెట్టినానని సెప్తే నన్ను లోపలేస్తారే."

"ఏస్తారు" అంది.

ఆ రాత్రే అసిరమ్మ మిగతా ఆడమెంబర్ల ఇళ్లకెళ్లి చెప్పింది. మర్నాడు ఆరుగురూ పంచాయతీ ఆఫీసుకొచ్చారు. వెనక మేం. బట్టీ కూలీలం, చర్చి వీధివాళ్లం, కాలేజీ పిల్లలం.

సర్పంచ్ నరసింగరావు విసుక్కున్నాడు. "సంతకాలైపోనాయి కదేటి. ఎల్లండి."

"నా పేరు కాడ ఉన్నది మాయన సంతకం, బావా. ఆయన మెంబరు కాడు" అంది అసిరమ్మ.

చర్చి వీధి మెంబరు కాంతం బుక్కు మీదికి వంగింది. "నాకు ఏలిముద్రే తెల్సు. ఇంత సక్కటి రాత ఎవులిది బాబూ?"

జనం నవ్వారు. గణపతిరావు నవ్వలేదు.

"మీ మొగుళ్ల మీద కేసవుతాది. ఆలోసించుకోండి" అన్నాడు నరసింగరావు.

"ఆలోసించుకునే వచ్చినాం. రాయించు" అంది అసిరమ్మ.

గణపతిరావు కొత్త తీర్మానం రాశాడు: కంచెకి, కాపలాకి, లారీకి పంచాయతీ పైసా ఇవ్వదు. షెడ్డు ధాన్యానిది, తాళం తియ్యాలి. ఆరు చేతులు లేచాయి. నలుగురు మగమెంబర్లూ సర్పంచూ కలిపి ఐదుగురు కాదన్నారు. ఆరే గెలిచింది. తాళం మేమే తీశాం. బయటికొచ్చిన పద్నాలుగు మందినీ మాలో చర్చి వీధివాళ్లు ఇళ్లకు తీసుకెళ్లారు. ఎవరూ జేజేలు కొట్టలేదు.

సాయంత్రం పోలీసు జీపు వచ్చింది. మొగుళ్లలో పేరు బయటపడింది ధర్మేంద్రది ఒక్కడిదే, అతన్ని ఎక్కించారు. పక్కన అసిరమ్మ కూర్చుంది.

"నీ మీద కేసు లేదు, దిగమ్మా" అన్నాడు ఎస్సై.

"నాలుగేళ్లు నా సంతకం ఈయన్ని ఎట్టనిచ్చినాను. నా మీదా రాయి."

కాంతం ఎక్కింది. మిగతా నలుగురు ఆడమెంబర్లకు చోటు చాలలేదు. నడిచారు. వాళ్ల వెనక మేం నడిచాం.

దారిలో పక్క పంచాయతీ ఆడవాళ్లు చేలోంచి గట్టెక్కి సంగతి అడిగారు. చెప్పాం.

"మా బుక్కులో ఏటి రాసుందో?" అంది ఒకావిడ.

తెలీదన్నాం.

వాళ్లు మాతో స్టేషనుకి రాలేదు. చేతుల బురదైనా కడుక్కోకుండా వాళ్ల సెక్రటరీ ఇంటివైపు మళ్లారు.