నారింజ కార్డు

ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచడం ముగిశాక మిగిలేవి నలభై రెండు చిట్టి గాజు గ్లాసులు. చర్చి వంటగదిలో నిలబడి, వేలికి గుడ్డ చుట్టుకుని, నోలా వాటిని ఒక్కొక్కటే లోపలిదాకా తుడుస్తుంది. ముప్పై ఏళ్లుగా అంతే. "నీ చేతికి అలవాటైన పనేలే, ఇంకొకరికిస్తే పగలగొడతారు" అనేది అత్తగారు డల్సీ, మెచ్చుకుంటున్నట్టే. ఆవిడ పోయాక ఆ మాట భర్త క్లైవ్ నోటికొచ్చింది.

ఇన్నేళ్లలో పక్కన నిలబడి గుడ్డ అందుకున్నది ఫిలిపా ఒక్కతే. ఫిలిపా, జీన్ ఇద్దరూ ఆడవాళ్లే; పంతొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో, ఆలుమగల్లా కాపురముంటున్నారు. ఆ సంగతి విమ్మెరా ప్రాంతపు గోధుమ పొలాల మధ్య ఉన్న ఈ చిన్న ఊరికంతా తెలుసు. తెలిసే పిల్లల పుట్టినరోజులకు వాళ్లచేత కేకులు చేయించుకున్నారు. ఫిలిపా పాస్టరు చదువుకు వెళ్తానన్న రోజునే అందరికీ బైబిలు వాక్యం గుర్తొచ్చింది.

ఇవాళ ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. ఆమెను పంపాలా, వద్దా? ఇక్కడ చేతులెత్తరు, మనిషికి రెండేసి ఉండే కార్డుల్లో ఒకటెత్తుతారు. ఔనంటే నారింజ, కాదంటే నీలం. ఒక్క కార్డు వేరే రంగులో కనబడినా ఆ మనిషి చెప్పేది పూర్తిగా వినందే తీర్మానం రాయకూడదు.

నోలా కార్డులు క్లైవ్ కోటు జేబులో ఉన్నాయి. ఎప్పుడూ అక్కడే. "తడి చేతులతో నువ్వేం వస్తావ్, నీ తరఫున నేనెత్తుతాలే" అనేవాడు. అతను రెండెత్తితే ఇదేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నోలా కూడా.

వంటగదికీ హాలుకీ మధ్యనున్న వడ్డించే కిటికీలోంచి అతని గొంతు వినబడింది. "ఫిలిపా మంచిదే, కాదన్లేదు. కానీ ఆ చేతులతో ప్రభువు బల్ల అందిస్తుందా? మన పిల్లలు అందుకోవాలా?"

గుడ్డ ఆగిపోయింది. ఆ చేతులా? డల్సీ మంచాన పడ్డ ఏడు నెలలూ, పనికెళ్లే ముందు రోజూ వచ్చి ఆవిడ వీపు పుండ్లు కడిగింది ఆ చేతులే. ఒకవైపు ఫిలిపా, ఇంకోవైపు తను. కన్నకొడుకు తలుపవతల నిలబడి, "అయిందా? లోపలికి రావచ్చా?" అనేవాడు. వాసన పడదు అతనికి.

"ఇక కార్డులెత్తండి" అంది అధ్యక్షురాలు గ్రెటా. తమ సంగతే కాబట్టి ఫిలిపా, జీన్ ఎత్తలేదు; మిగతా గదంతా నీలమే.

నోలా చేతులు తుడుచుకోలేదు. ఏప్రాన్‌తోనే వచ్చి మొగుడి ముందు నిలబడింది. అతని చేతిలో రెండు నీలం కార్డులున్నాయి.

"నా కార్డులిలా ఇవ్వు, క్లైవ్."

"ఇప్పుడా? అక్కడ నీళ్లు మరుగుతున్నట్టున్నాయి, చూడవే."

"మరగనీ."

వెనక వరసలో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఎప్పుడూ బయటికి తీయని నారింజ కార్డు కోసం క్లైవ్ జేబులన్నీ తడుముకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నోలా చెయ్యి చాపే ఉంచింది. చివరికి దొరికింది, అంచులు మడత పడి. తడి వేళ్లతో దాన్ని తలకంటే పైకెత్తింది.

అవతలి గోడవార కూర్చున్న ఫిలిపా తలెత్తి చూసింది.

"వేరే రంగు ఒకటుంది" అంది గ్రెటా, రాయబోతున్న కలం కింద పెడుతూ. "చెప్పమ్మా నోలా, వింటున్నాం."

నోలా కుర్చీ లాక్కుని, గదికి నడిమధ్యన వేసుకుని కూర్చుంది.

"మా అత్తగారి పుండ్లు ఎవరు కడిగారో మొదట్నుంచీ చెప్తాను. సేపు పడుతుంది. టీ కావలసినవాళ్లు లేచి పెట్టుకోండి, వంటగది అటు."