తబియత్ ఎట్లుంది?

“తబియత్ ఎట్లుంది బిడ్డా?” అని కూరగాయల రాములవ్వ అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను. మంచిగనే ఉందవ్వా అని చెప్పి బెండకాయలు సంచిలో వేసుకుని వచ్చేశాను. మర్నాడు జిరాక్సు షాపు పోశన్న కూడా అదే అడిగాడు. రెండిళ్ల అవతలి వెంకటవ్వ ఏమీ అడగలేదు గానీ, నేను వీధి మలుపు తిరిగేదాకా నావైపే చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి మా బోధన్ వాళ్లకు నా మీద ఇంత ప్రేమేమిటో అనుకున్నాను.

అప్పటికి ఎనిమిది నెలలుగా ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక నాలుగేళ్లు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చెరకు రసంలో తీపి ఎంతో కొలిచాను. ఫ్యాక్టరీ మూతపడింది, పిల్ల పుట్టింది, తర్వాత పదేళ్లు ఉప్పూ పప్పూ కొలిచాను. మధ్యాహ్నాలు మా ఆయన ధనుంజయ్ పురుగుమందుల దుకాణంలో కూర్చోవడం కూడా నా పనే. ఆ వేళకు ఆయన ఇంటికొచ్చి ఫ్యాను కింద నిద్రపోతాడు. ఒకసారి జీతం మాట ఎత్తితే, “మన దుకాణంల మనకు జీతమేంది?” అన్నాడు. ఆ జోకును చుట్టాలకు చాలా రోజులు చెప్పుకున్నాడు. నాకు మాత్రం ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

పొద్దున ఐదింటికి లేచి, జొన్నరొట్టెలు తడుతూ ఇంటర్వ్యూ జవాబులు పైకే చెప్పుకునేదాన్ని. “మీ గురించి చెప్పండి” అనేదే ఎక్కడైనా మొదటి ప్రశ్న. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. మధ్యలో తడబడితే నన్ను నేనే తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టేదాన్ని. బాగా వచ్చిన రోజు పొయ్యి ముందు ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. ఎప్పుడు పిలిచినా పది నిమిషాల్లో బయల్దేరేలా నీలం చీర ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. సర్టిఫికెట్ల ఫైలు బియ్యం డబ్బా మీద పెట్టుకున్నాను. ఒక్కరూ పిలవలేదు. నా రాత ఇంతేనేమోనని కొన్నాళ్లు ఏడ్చాను కూడా. కానీ తెల్లారితే మళ్లీ మొదటి ప్రశ్న.

ఇంట్లో మాత్రం చిత్రంగా సుఖం పెరిగింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి మా అత్త హన్మవ్వ కూరగాయలు తనే కోయడం మొదలుపెట్టింది. “కత్తిపీట నీకెందుకు బిడ్డా, నేను కోస్త తియ్యి,” అంది. కోసిన తర్వాత కత్తిపీట తన మంచం కిందికి వెళ్లేది. పదేళ్ల మా సంజన నా పక్కన పడుకోవడం మానేసి నాయనమ్మ దగ్గరికి మారింది. ఒక శుక్రవారం అత్త దర్గా నుంచి తాయెత్తు తెచ్చి, కళ్ల నీళ్లు పెట్టుకుంటూ నా జబ్బకు కట్టింది. కోడలికి ఉద్యోగం రావాలని మొక్కిందనుకుని మురిసిపోయి ఆమె కాళ్లకు దండం పెట్టాను. నా అంత తెలివైన ఎమ్మెస్సీ ఇంకొకతె ఉండదు.

మంగళవారం డిచ్‌పల్లిలో ఉన్న అక్క దగ్గరికని చెప్పి నిజామాబాద్ బస్సెక్కాను. పసుపు పొడి కంపెనీ ఒకటి ల్యాబ్‌లోకి కెమిస్టు కావాలని ప్రకటన వేసింది. నేను దరఖాస్తు పెట్టి రెండు నెలలైంది. పోతే పోయింది, నేరుగా అడిగి వద్దామనుకున్నాను. కంపెనీ ఆఫీసులో కూర్చున్న సౌందర్య అనే అమ్మాయి నా పేరు వినగానే చేతిలోని పెన్ను కింద పెట్టేసింది. నా మొహం వైపు కాదు, నా చేతుల వైపు చూసింది.

“మేడం, మీకు రెండుసార్లు ఫోన్ చేసినం. మీ సారు ఎత్తిండు. మీకు తబియత్ మంచిగ లేదట. మీలో మీరే మాట్లాడుకుంటరట, నవ్వుకుంటరట. ఇంక ఫోన్ చెయ్యొద్దన్నడు.”

ఫారాల మీద ఆయన నంబరు రాసింది నేనే. గ్యాసుకైనా, బ్యాంకుకైనా, పిల్ల బడికైనా మా ఇంట్లో ఆయన నంబరే. నా ఫోను నంబరు నాకే నోటికి రాదు. నలభై దరఖాస్తుల మీద అదే నంబరు రాసి, పిలుపు కోసం ఎదురుచూశాను.

అప్పుడు భయమేసింది. రాములవ్వ, పోశన్న, కత్తిపీట, తాయెత్తు, మంచం మారిన పిల్ల, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకొచ్చాయి. అత్త అబద్ధమాడలేదు. కొడుకు చెప్పింది నమ్మింది, పొద్దున్నే గోడవతల నుంచి నా మాటలు విన్నది, నిజంగానే వణికింది. సౌందర్య గొంతు తగ్గించి, “మా సారు మీ పేరు కొట్టేసిండు, తబియత్ మంచిగనే ఉందని డాక్టరు చీటీ ఒకటి తెస్తే శుక్రవారం మధ్యాహ్నం ఇంటర్వ్యూల కూర్చోబెట్టిస్త,” అంది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పొయ్యి వెలిగించాను. అరవాలని ఉంది. ఆయన చొక్కా పట్టుకుని వీధిలోకి లాగాలని ఉంది. కానీ అరిస్తే వీధంతా “సూసినవా?” అనుకుంటుంది. ఏడ్చినా అంతే, ఊరుకున్నా అంతే. నా కోపాన్ని కూడా ముందే జబ్బు కింద రాసేశాడు. అన్నం తింటూ ఆయనే మెల్లగా కదిపాడు.

“శుక్రారం నిజామాబాద్ పోదాం స్నేహా. మంచి డాక్టరున్నడట. రెండు మందు బిళ్లలేసుకుంటే నిమ్మళంగ నిద్రపడ్తది, గీ నౌకరీ పరేషాన్ గూడ పోతది.”

పోదామన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటాననుకోలేదు కాబోలు, అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది. నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసి అత్త కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం పొద్దున రొట్టెలు తడుతూ, తలుపు తీసి పెట్టి మరీ జవాబులు చెప్పుకున్నాను. తాయెత్తు విప్పి దేవుడి గూట్లో పెట్టాను. నీలం చీర కట్టుకున్నాను. ఫైలు ఎందుకని ఆయన అడిగితే, పాత దవాఖాన చీటీలున్నాయని చెప్పాను. పద్నాలుగేళ్లలో ఆయనకు చెప్పిన రెండో అబద్ధం. మొదటిది మంగళవారానిది.

డాక్టరు ఎదుట కుర్చీ ఒక్కటే ఉంది. మా ఆయనే కూర్చున్నాడు. డాక్టరు కూడా ఆయన్నే అడిగాడు, ఏమిటి ఇబ్బంది అని. నేను మందుల బొమ్మల క్యాలెండరు పక్కన నిలబడ్డాను.

“ఎవ్వలు అడగకున్నా తనే మాట్లాడ్తది సార్,” అన్నాడు మా ఆయన, ఎంతో బాధగా.

నేను ఫైలు బల్ల మీద పెట్టి, ఎవరూ అడగకుండానే ఆ మొదటి ప్రశ్నకు జవాబు మొదలుపెట్టాను. “నా పేరు స్నేహలత. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.” డాక్టరు పెన్ను కాగితం మీద కదలసాగింది. ఏం రాస్తున్నాడో చూడకుండా రెండో వాక్యం చెప్పాను.