చీటీ ఉంటేనే వాచీ

ఒకే షట్టరు, మధ్యలో ప్లైవుడ్ గోడ. ఎడమవైపు అక్క కుట్టు మిషను, కుడివైపు తమ్ముడి వాచీల బల్ల. వీధిలో అందరూ అతన్ని ముల్లు మాస్టరు అంటారు. వాచీ ముళ్లతో పని కాబట్టి కొంత, అతని మాట కూడా గుచ్చుకుంటుంది కాబట్టి ఇంకొంత.

అతని పట్టుదలంతా చీటీ దగ్గరే. వాచీ తెచ్చిన ప్రతివాళ్లకీ అట్టచీటీ రాస్తాడు. అందులో మూడు గీతలు: ఎవరిది, ఏం ఇబ్బంది, ఎప్పుడు రావాలి. పై ముక్క చింపి వాచీకి కడతాడు, కింది ముక్క వాళ్ల చేతిలో పెడతాడు. అంచులు కలిస్తేనే వాచీ ఇస్తాడు. ఒకసారి అక్కే తన ముక్క పోగొట్టుకుంటే రెండు రోజులు ఇల్లంతా వెతికించాడు. సొంత అక్కనేరా అంటే, వాచీకి ఆ సంగతి తెలీదుగా అన్నాడు.

అలాంటివాడు ఆ వారం చీటీలు అడగడం మానేశాడు. వచ్చినవాళ్లకల్లా వాచీలు ఇచ్చేశాడు. రానివాళ్ల ఇళ్లకు తనే వెళ్లి ఇచ్చి వచ్చాడు, బాగు కానివి కూడా. అక్క మురిసిపోయింది. నెల రోజులుగా తిండీ నిద్రా సరిగా లేని మనిషి ఇక దారిలో పడ్డట్టే అనుకుంది. ఇన్నాళ్లకు నీ బల్ల శుభ్రపడిందిరా అని పొగిడింది కూడా. ఆ పొగడ్త తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

గురువారం పొద్దున పదకొండింటికి అతను కంటికి తగిలించుకునే భూతద్దం తెచ్చి ఆమె మిషను మీద పెట్టాడు. సూదిలో దారం ఎక్కించుకోవడానికి పనికొస్తుంది, ఉంచుకోమన్నాడు. ఇరవై ఏళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వని అద్దం అది. అక్క చప్పున లేచింది. ప్లైవుడ్ అవతలికి తొంగి చూస్తే బల్ల మీద ఒక్క వాచీ కూడా లేదు.

మామూలుగా ఇలాంటప్పుడు ఆమె తిడుతుంది. తిట్లు నోటిదాకా వచ్చాయిగాని దాటలేదు. షట్టరు సగం దించి, అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఏమైందని అడిగితే ఏం లేదన్నాడు. మళ్లీ అడిగితే బల్ల అంచు గోకుతూ ఉండిపోయాడు. ఆమె సొరుగులోంచి ఒక అట్టచీటీ తీసి, పెన్నుతో పాటు అతని ముందుకు జరిపింది.

“చెప్పలేకపోతే రాయి నాన్నా. అందరివీ రాశావుగా.”

అతను పెన్ను తీసుకున్నాడు. 'ఎవరిది' దగ్గర ఏమీ రాయలేదు. 'ఏం ఇబ్బంది' దగ్గర రెండే మాటలు రాశాడు: బతకాలని లేదు.

వాళ్లది రిపేర్లవాళ్ల ఇల్లు. ఇంట్లో ఏది చెడినా బయటివాళ్లకు చూపించడం నాన్న రోజుల నుంచీ నామోషీ. ఇంటికి తీసుకెళ్లి, నాలుగు ముద్దలు తినిపించి పడుకోబెడదాం, మూడో కంటికి తెలియకుండా తనే చూసుకుందాం అని లేచింది. లేస్తుంటే మిషను మీద భూతద్దం కనబడింది. వారం రోజులు పక్కనే ఉండి కూడా ఏమీ పోల్చుకోలేకపోయిన మనిషి, ఒక్కతే ఏం చూసుకుంటుంది? మళ్లీ కూర్చుంది.

“చచ్చిపోవాలనుకుంటున్నావా?”

అతను తలూపాడు. ఆ మాట అడిగితే ఏమైపోతాడోనని ఆమె భయపడింది. కాని అతని భుజాలు కొంచెం దిగాయి.

ఎవరిని పిలవాలి? అప్పుడు కొలతల పుస్తకం గుర్తొచ్చింది. రెండు నెలల కిందట ఆరోగ్య కేంద్రం నర్సు ఒకామె యూనిఫాం కుట్టించుకుంది. మనసు బాగాలేనివాళ్ల ఇళ్లకు బండి మీద వెళ్లడమే తన పని అని, అందుకే చంకల దగ్గర వదులు కావాలని చెప్పింది. అప్పుడు అక్క ఊఁ కొట్టి ఊరుకుంది. ఇప్పుడు గబగబా పేజీలు తిప్పింది. భుజం పదిహేను, చెయ్యి తొమ్మిది, వదులుగా. కింద నంబరు.

చాటుకు వెళ్లకుండా తమ్ముడి ముందే ఫోనులో మాట్లాడింది. నర్సు అరగంటలో వస్తానంది. అతన్ని ఒక్క నిమిషం కూడా వదలొద్దని, ప్రమాదమైనవన్నీ దూరంగా పెట్టమని, ఈలోపు చెయ్యి దాటుతోందనిపిస్తే వెంటనే అంబులెన్సును పిలవమని చెప్పింది. అక్క పక్క చెప్పుల షాపామెను కేకేసి, కత్తెరలూ పనిముట్లూ ఉన్న డబ్బాలు చేతికిచ్చి వాళ్ల షాపులో ఉంచమంది. ఎందుకని ఆమె అడగలేదు. తర్వాత అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్న చెయ్యే.

నర్సు షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది, అక్క కుట్టిన యూనిఫాంలోనే. ముల్లు మాస్టరు కళ్లు మొదట ఆమె మణికట్టు మీదికి పోయాయి.

“మీ వాచీ ఏడు నిమిషాలు వెనక ఉందండీ.”

అందుకే ఆలస్యమైంది, క్షమించమంది నర్సు. చీటీ చదివింది. అయ్యో అనలేదు, సుద్దులు చెప్పలేదు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగింది, వాచీ గురించి అతను అడిగినట్టే. అతను చెప్పడం మొదలుపెట్టాడు. నిద్ర పట్టని రాత్రుల గురించి, అందరికీ బరువయ్యానన్న బెంగ గురించి, ఆగి ఆగి గంటసేపు చెప్పాడు. అక్క మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె జీవితంలో అదొక రికార్డు.

నర్సు డాక్టరుకు ఫోను చేసింది, ఇప్పుడే తీసుకురమ్మన్నారు. లేవబోతూ చీటీలో ఆఖరి గీత చూపించి, ఎన్నాళ్లు పడుతుందో తెలియని రిపేరుకు ఇక్కడ ఏం రాస్తారని అడిగింది.

“విప్పి చూడందే చెప్పలేమండీ. రేపోసారి వచ్చి కనుక్కోమని రాస్తాను.”

“అదే రాయండి. రేపు పదింటికి నేనూ వచ్చి కనుక్కుంటాను.”

అతను రాశాడు. అక్క అతని చేతిలోంచి పెన్ను తీసుకుని, ఖాళీగా ఉన్న మొదటి గీత మీద 'అక్కది' అని రాసింది. అతను ఆ మాట కేసి చూస్తూ చూస్తూ ఏడ్చేశాడు. ఆమె కూడా ఏడ్చింది.

కాసేపటికి అతను కళ్లు తుడుచుకున్నాడు. అలవాటు ప్రకారం చీటీని అడ్డంగా చింపాడు. పై ముక్క తన చొక్కా జేబులో వేసుకుని, కింది ముక్క ఆమెకు అందించాడు.

“జాగ్రత్త అక్కా. పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వను.”

ఆమె దాన్ని కొలతల పుస్తకంలో నర్సు నంబరున్న పేజీలో పెట్టుకుంది. ఆ పుస్తకాన్ని చంకలో బిగించి, రెండో చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరింది.